డచ్చి పటం మీద కుంకుమ

పొద్దున్నుంచి వనజమ్మ హాల్లో ఆ గోడ ముందు నిలబడడం ఇది నాలుగోసారి. చేతిలో గుడ్డ ఉంది, తుడవడానికి మాత్రం ధైర్యం లేదు.

ఆ పటంలో మనిషి లేడు, చెట్టు లేదు. మాడిన పెనంలాంటి నలుపు, తాపీతో కొట్టినంత మందంగా సున్నం తెలుపు, కిందివైపు ఒకదాని పైన ఒకటి, జానెడు ఎడంలో రెండు ఎర్రటి చుక్కలు. పెద్ద యుద్ధం అయినాక డచ్చివాళ్ల దేశం హాలెండులో ఒకాయన నూనెరంగులతో వేసినదట. జమ్మలమడుగులో పనిచేసిన డచ్చి డాక్టరమ్మ ఊరు విడిచిపోతూ నారాయణ తండ్రికి ఇచ్చిపోయింది. నారాయణకు ప్రొద్దుటూరులో బట్టలంగడి. ఆ ఇంట్లో వనజమ్మ తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది.

ఆ రెండు చుక్కల్లో ఒకటి వనజమ్మ పెట్టిన కుంకుమ. ఏది తనదో ఆమెకే తెలియడం లేదు.

ఆయుధపూజకు కుట్టుమిషను, స్కూటరు, బీరువా, దేవుళ్ల పటాలు అన్నిటికీ ఏటా నారాయణ భార్య రాజేశ్వరమ్మే బొట్టు పెట్టేది. ఈసారి మోకాళ్లు పట్టేశాయి. "ఏదీ వదలొద్దు, నువ్వే పెట్టేయ్. ఎవరికీ చెప్పాకు" అని గిన్నె చేతికిచ్చింది. మొగుడు పోయిన ఆడది కుంకుమ ముట్టకూడదని నారాయణకు పట్టింపు. వనజమ్మ మొగుడు పోయి ఆరేళ్లు. దేవుళ్ల పటాలకు అద్దాలుంటాయి, తుడిస్తే పోతుంది. దీనికి అద్దం లేదన్న సంగతి పెట్టినాక గాని తట్టలేదు.

పండగ నుంచి అంగట్లో బేరాలు మందగించాయి. "ఎవరి చెయ్యి పడిందో ఏందో" అని నారాయణ అన్నం ముందు రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ వనజమ్మ చెంబు అక్కడే పెట్టి వంటింట్లోకి పోయింది.

"ఏంది, ఆడ్నే నిలబడి చూస్తాండావు?" రాజేశ్వరమ్మ గొంతు తగ్గించి గదమాయించింది.

"ఏది నాదో తెలీకుండా ఉండాదమ్మా."

"తెలిస్తే ఏం చేస్తావు, గీకుతావా? నోరు మూసుకోనుండు. ఆయన చెవిన పడితే నీకు పనీ ఉండదు, నాకు నెమ్మదీ ఉండదు."

పదకొండు గంటలకు బెంగళూరు నుంచి ఐశ్వర్య వచ్చింది. పాత చిత్రాలు శుభ్రం చేయడం ఆమె పని. పటం ఏదో ప్రదర్శనకు పోవాలి. పక్కనుంచి టార్చి వేసి, భూతద్దం పెట్టి చూసి, "ఎవరో కుంకుమ పెట్టారు సార్. పొడి రెండింటి మీదా రాలింది. ఈ రెండింట్లో ఏదో ఒకటి" అంది.

నారాయణ భార్య వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"ఆఁ... నేనే."

"యాడ?"

రాజేశ్వరమ్మ చీర చెంగు నలుపుకుంది. "పైదే."

ఐశ్వర్య దూది తడిపి చెయ్యి పైకెత్తింది. అంత ఎత్తుకు లేచిన ఆ చేతిని చూడగానే వనజమ్మకు తట్టింది.

"అది కాదమ్మా! నా చెయ్యి అంత పైకి అందదు!"

దూది గాల్లోనే ఆగింది.

"మీరా పెట్టింది?" ఐశ్వర్య మెల్లగా అడిగింది. "చెయ్యెత్తి చూపించండి, తాకొద్దు."

వనజమ్మ మునివేళ్ల మీద లేచింది. వేలు కింది చుక్క దగ్గర ఆగిపోయింది. నారాయణ ఆ చుక్కను చూడలేదు, భార్యను చూశాడు.

"మోకాళ్లు లేయకపాయె. నేనే పెట్టమన్నా" అంది రాజేశ్వరమ్మ. "అనేదుంటే నన్ను అను."

అతను నోరు తెరిచి, ఐశ్వర్యను చూసి, మూసుకున్నాడు. ఐశ్వర్య కింది చుక్కను అద్దింది. దూదికి ఎరుపు అంటింది. దాని అడుగున తెలుపు చెక్కుచెదరలేదు.

"ఈవిడ చెప్పకపోతే చిత్రకారుడు వేసిన రంగే తుడిచేసేదాన్ని" అంది ఐశ్వర్య.

నారాయణ వంటింటి వైపు చెయ్యి చూపాడు. "వనజమ్మా, ఆయమ్మకు తాగేదానికి కాపీ తీస్కరాపో."

ఇంటికి ఎవరొచ్చినా అనే మాటే. రేపు కూడా తనతోనే అంటాడో లేదో ఆ గొంతులో ఏమీ తెలియలేదు. ఇంకా ఎత్తే ఉన్న చెయ్యి దించుకుని వనజమ్మ వంటింట్లోకి నడిచింది.