వార్డులో ఒక్కరే

ఆ ఆసుపత్రి వాళ్ళకు బుద్ధుందా అసలు? ఆపరేషన్ అయిన మనిషి దగ్గర ఆడతోడు ఒక్కరే ఉండాలట. ఆ ఒక్కరూ ఎవరో కడుపుతో ఉన్న పిల్లే ముందుగా చెప్పాలట. పిల్ల తడుముకోకుండా "మా అత్తయ్య ఉంటారు" అనేసింది. పక్కనే కూర్చున్న కన్నతల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ తల్లిని అందరూ కండక్టరమ్మ అంటారు. కిక్కిరిసిన బస్సులో ఆవిడ "జరగండి" అంటే జరగనివాడు లేడు. కూతురి కాన్పు కోసమని ఏడాదంతా సెలవు పెట్టకుండా దాచుకుంది. తీరా చూస్తే కూతురు పొద్దస్తమానం అత్తగారి జపమే!

వియ్యపురాలు లెక్కల టీచరు. రెండు కాన్పులూ ఆపరేషన్లే, ఇక చెప్పాలా!

"డాక్టరు చెప్పిన టైము దాటాక ఏమీ ముట్టకమ్మా" అనేది. "దగ్గొచ్చినా నవ్వొచ్చినా పొట్టకు దిండు అదుముకో. నొప్పి ముదిరేదాకా ఆగకు, మాత్ర వేళకి వేసేసుకో."

కోడలు బుద్ధిగా తలూపేది. సంచి సర్దింది కూడా ఆ మహాతల్లే. కుట్లకు ఒరుసుకోని వదులు బట్టలు పెట్టింది, వంగకుండా తొడుక్కునే చెప్పులు పెట్టింది. కండక్టరమ్మ ముచ్చటపడి కొన్న పైజమాలు నడుం దగ్గర బిగుతని బీరువాలోనే ఉండిపోయాయి.

"నిన్ను కన్న మర్నాడే లేచి ఇల్లూడ్చుకున్నాను, తెలుసా?" అంది ఉక్రోషం పట్టలేక.

"నీది మామూలు కాన్పు కదమ్మా. దీని సంగతి అత్తయ్యకే తెలుసు."

చూశారా! కడుపు కోయించుకోనందుకు కూడా ఒక మనిషి ఏడవాల్సి వచ్చింది.

ఆపరేషన్ చల్లగా జరిగింది. ఆడపిల్ల. అల్లుడు బిడ్డను తెచ్చి ముందు వాళ్ళమ్మ చేతుల్లో పెట్టాడు. కండక్టరమ్మ మనవరాల్ని చూసి మురిసిపోతూనే లోపల్లోపల కుళ్ళిపోయింది.

మర్నాడు చూడ్డానికి వచ్చేసరికి టీచరమ్మ మందులకని కిందికి వెళ్ళింది. అంతలో నర్సు వచ్చింది.

"ఇవాళ లేచి నాలుగడుగులు వెయ్యాలి. పట్టుకోడానికి ఎవరున్నారు?"

"నేనున్నాను!" అంది కండక్టరమ్మ.

"ఒక్క నిమిషం, వస్తున్నా" అని నర్సు పక్క మంచం వైపు తిరిగిందో లేదో, ఈవిడ కూతురి రెండు చేతులూ దొరకబుచ్చుకుని, కదిలే బస్సులోకి మనిషిని లాగినట్టు లాగింది. పిల్ల కెవ్వుమంది.

"అత్తయ్యా!"

దెబ్బ తగిలితే లోకంలో ఎవరైనా అమ్మా అంటారు. అమ్మ ఎదురుగా ఉండగా ఈ పిల్ల అత్తయ్యా అంది! కండక్టరమ్మ చేతులు వాటంతటవే వదిలేశాయి.

మెట్లెక్కి వస్తున్న టీచరమ్మ ఆ కేక విని పరుగున వచ్చింది. "పక్కకి తిరుగు తల్లీ. కాళ్ళు కిందికి జార్చు. ఇప్పుడు మోచేతి మీద ఆనుకుని లే, తొందరేం లేదు" అంటూ వీపుకు చెయ్యి వేసింది. నర్సు రెండో పక్క నిలబడింది. పిల్ల మెల్లగా మంచం అంచున కూర్చుంది.

ఇక ఆగుతుందా ఆ తల్లి? "ఏమే, నిన్ను కన్నది నేనా, ఆవిడా? నొప్పొస్తే నోటికి అమ్మన్న మాట కూడా రాదా నీకు?"

వార్డంతా తిరిగి చూసింది.

"నిన్ను చూస్తే నాకు ఏడుపాగదమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే కదా! ఏడిస్తే కుట్లు లాగేస్తున్నాయి. అత్తయ్య ముందైతే సిగ్గుపడైనా ఓర్చుకుంటాను. అందుకే నిన్ను వద్దన్నాను."

అంటుండగానే కళ్ళు నిండిపోయాయి, చెయ్యి పొట్ట మీదికి పోయింది.

టీచరమ్మ మొహం చిన్నబోయింది. తనను ఎందుకు ఎంచుకుందో ఆవిడకూ ఇప్పుడే తెలిసింది. కుళ్ళుకునే వంతు ఆవిడకొచ్చింది, అయినా కోడలి వీపు మీది చెయ్యి తియ్యలేదు.

గెలిచిన కండక్టరమ్మకు అక్కడ ఉండే వీల్లేకుండా పోయింది. ఇంకో నిమిషం నిలబడితే పిల్ల భోరుమనేలా ఉంది.

"వదినగారూ, గట్టిగా పట్టుకోండి" అని గబగబా బయటికి నడిచి తలుపు మూసేసింది. లోపల కూతురు అడుగు తీసి అడుగు వేస్తున్న చప్పుడు వింటూ, గోడకు మొహం తిప్పుకుని, ఆ పిల్ల ఏడవాల్సిందంతా తనే ఏడ్చింది.