లాలి చూసిన రాణి ఈగలు

దగ్గరికి జరగండమ్మా, ఈ సంగతి దూరం నుంచి వినేది కాదు. జూలూరుపాడు పక్క తండాలో మన లాలి టీ వడకడుతూ ఉంది. పెరట్లో ఆమె మొగుడు హీరాలాల్ గొంతు మోగుతోంది. ఖమ్మం కాలేజీలో సైన్సు సారు. చక్కెర జబ్బు కళ్లు తీసుకుపోయినా తేనెటీగల మీద పరిశోధన వదల్లేదు.

"పూర్వం స్విట్జర్లాండుల ఒక పండితుడుండె. చూపు లేకున్నా ఈగల లోకమంతా చూసిండు. పెళ్లామే చదివిపెట్టేది, చూసిపెట్టేది. సేవంటే గది!" అని ఈగలను చూడొచ్చిన కాలేజీ వాళ్లకు చెబుతున్నాడు.

నిన్ననే లాలి అడిగింది, "ఆమె పేరేంది?" అని. "పుస్తకంల యాడనో ఉంటది. ముందు అన్నం పెట్టు" అన్నాడు.

ఆ పేరు లేని ఆమె తనలాంటిదే అనిపించి, అప్పటినుంచీ లాలికి మనసు నిలవడం లేదు. ఈగల పెట్టె మూత తీసేది తను, లోపల తేనెపట్టు కట్టిన చట్రం ఎత్తేది తను, కుట్టించుకునేది తను. చూసింది మొగుడి చెవిలో చెబితే, అతను గొంతు పెంచి "నేను గమనించిందేందంటే" అంటాడు. ఈగలు కుట్టి వాచిన వేళ్లతో జొన్నరొట్టె కొడుతుంటే అత్త, "ఈగలతోని ఆడే కోడలు దొరికింది నాకు" అంటుంది. ఆ అత్తే ఇవాళ కాలేజీ వాళ్లొచ్చారని ఆమె తలకు నూనె రాసి మల్లెలు తురిమింది. ఘాటైన వాసన తగిలితే ఈగలు మీదికొస్తాయి మరి! లాలి పూలు తీసేసి, తల కడుక్కొచ్చింది.

"పూలెందుకు తీసినవే? వచ్చినోళ్లేమనుకుంటరు?"

"ఈగలేమనుకుంటయో నాకెర్క అత్తా."

పెరట్లోకి వెళ్లి, అందరి ముందూ పెట్టె మూత తీసి చట్రాన్ని ఎండకు పట్టింది. మామూలుగా ఒక పెట్టెకు ఒకటే రాణి. ఇక్కడ రెక్కలు చిరిగిన ముసలి రాణీ, నిగనిగలాడే కొత్త రాణీ పక్కపక్కనే గుడ్లు పెడుతున్నాయి. ఎన్నేళ్లు చూసినా లాలి కంట పడని వింత.

హీరాలాల్ ఆమె వైపు తల వంచి గుసగుసగా అన్నాడు: "ఏం కనపడ్తాంది? జల్దీ చెప్పు, నా చెవిల."

ఆ చెవిలో పడితే ఇదీ అతనిదే అయిపోతుంది. లాలి ఒకడుగు వెనక్కి వేసి, అందరికీ వినపడేలా చెప్పింది: "నేను రెండు రాణులను చూసిన. తల్లీ బిడ్డా. ఒక్క చట్రం మీదే."

హీరాలాల్ మొహం ఎర్రబడింది. "నా చెవిల చెప్పమన్న గదే!"

"వీళ్లకు గూడ చెవులున్నయి" అంది లాలి. చట్రం దించలేదు, గొంతూ దించలేదు. కాలేజీ వాళ్లు సారును వదిలి ఆమె చుట్టూ మూగారు.

అదమ్మా సంగతి. గుర్తుపెట్టుకోండి, రేపు మీ పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం గుసగుసలాడకండి.