హమ్ పోయిన పూట

మబ్బు పట్టిన ఆదివారం. మౌలాలి రైల్వే కాలనీ వెనక గల్లీలో, కింది వాటా ముందుగదిలో ఇల్మా పొద్దుటి నుంచి ఒక చప్పుడుతో కొట్లాడుతోంది. కంప్యూటరుకు మైకు తగిలించి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చాలు, జుంయ్‌మని ఒకటే మోత. మామూలు మనుషులైతే ఏ ఈగో అనుకుని ఊరుకుంటారు. ఇల్మాకు ఊరుకోవడం రాదు. ప్రకటనలకూ పాఠాలకూ గొంతు అరువిచ్చి, ఇంట్లోనే రికార్డు చేసి పంపడం ఆమె పని. కొత్తలో హమ్ ఉందంటూ, అంటే ఈ మోతే, పంపినవన్నీ తిరిగొచ్చేవి. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకుంది. హమ్ పూర్తిగా పోయేదాకా రికార్డు బటన్ మీద వేలు పెట్టదు. ఆ నియమమే ఆమెకు అన్నం పెట్టింది, కాదనలేం.

కాని ఇవాళ్టి పని అన్నం కోసం కాదు. తెల్లవారితే వాళ్లమ్మ మాబూబీకి ఆపరేషన్. గొంతులో గడ్డ పుట్టింది, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు.

మాబూబీది భువనగిరి దగ్గర పల్లె. అక్కడ పీర్ల పండుగ చివరి రోజు పీర్లను సాగనంపే పాట పాడేది వాళ్లింటి ఆడవాళ్లే. తల్లి నుంచి మాబూబీకి వచ్చిన ఆ పాట ఇప్పుడు ఇంకెవరికీ పూర్తిగా రాదు. ఇల్మాకు మొదటి రెండు చరణాలు వచ్చు. మిగతావి నేర్చుకోమంటే రేపు, రేపు అంటూ వచ్చింది. అమ్మ గొంతు ఎక్కడికి పోతుందిలే అనుకోని పిల్లలెవరు?

ఆ పాటకో కట్టుబాటుంది. ఏడాదికి ఒక్కసారే పాడాలి. పాడితే పీరు వెళ్లిపోయినట్టే. మళ్లీ పాడితే గడప దాటినవాణ్ణి వెనక్కి పిలిచినట్టు. మొహర్రం ఇంకా చాలా దూరం. ఇల్మా కాళ్లావేళ్లా పడితే మాబూబీ చివరికి మెత్తబడింది.

"వచ్చే మొహర్రం నాటికి గొంతుండది గద బిడ్డా. ఈ ఏడు జెర ముందుగాల్నే సాగనంపుతా. కని ఒక్కసారే. మల్ల అడగొద్దు."

"ఒక్కసారి చాలమ్మీ. ఎంత సాఫ్‌గ రికార్డ్ చేస్తనో సూడు," అంది ఇల్మా.

అలా అన్నందుకే కాబోలు, ఈ మోత. ఫ్యాను ఆపింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. ట్యూబులైటు ఆర్పింది. మైకు వైరు మార్చింది. పక్కింటి మేబెల్ ఆంటీని బతిమాలి వాళ్ల నీళ్ల మోటరు కూడా ఆపించింది. గది చీకటైందే గాని మోత పోలేదు.

మాబూబీ మంచం మీద, ముఖానికెదురుగా మైకు పెట్టుకుని కూచుంది. మైకుకూ కంప్యూటరుకూ మధ్యనున్న చిన్న పెట్టె మీద పచ్చలైటు వెలుగుతోంది.

"ఏదన్న అనుకుంట ఉండమ్మీ, ఆపకు. మోత ఎక్కడికెల్లి వస్తుందో చూస్త," అని ఇల్మా బల్ల కిందికి దూరింది.

మాబూబీ అంకెలు లెక్కపెట్టింది. మనవరాళ్లను నిద్రపుచ్చే పాటొకటి కూనిరాగం తీసింది. దగ్గింది, కొంగుతో నోరు తుడుచుకుంది. ఆ కొంగుకంటిన ఎర్రటి మరక ఇల్మా చూసింది సాయంత్రం, చీర నానబెట్టేటప్పుడు.

"ఇగ పాడనా బిడ్డా? గొంతు ఆగేటట్టు లేదు."

"ఆఁ, పాడు పాడు," అంది ఇల్మా బల్ల కింది నుంచే. మోత కనిపెట్టేదాకా ఏదో ఒకటి పాడమని ఆమె ఉద్దేశం. మాబూబీ లెక్కలో పచ్చలైటు వెలిగితే అన్నీ రికార్డులోకి ఎక్కుతున్నట్టే. వినడం వేరు, దాచుకోవడం వేరని ఆమెకు ఎవరు చెప్పారు గనక! కొంగు తల మీదికి లాక్కుని ఎత్తుకుంది.

"పోయిరావయ్య పీరు, వాగు దాటి పోయిరా,
నీ గుర్రం డెక్కల దుమ్ము మా గడపల రాల్చిపోరా..."

ఇల్మా వినకపోవడమెట్లా? తల్లి గొంతు చెవుల్లోనే ఉంది. కాని రాళ్లేరే కంటికి బియ్యం కనబడవు. ఆమె ధ్యాసంతా ఆ గొంతు వెనక మోత మీదే. కంప్యూటరు ప్లగ్గు తలుపు పక్కన, పెట్టె ప్లగ్గు కిటికీ పక్కన ఉన్నాయి. రెండు గోడలకూ ఎర్తు వేరేమోనని అప్పుడు తట్టింది. పెట్టె ప్లగ్గు పీకి కంప్యూటరున్న బోర్డులోనే గుచ్చింది. పచ్చలైటు ఆరి మళ్లీ వెలిగింది.

మోత తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తల్లి గొంతు ఒక్కటే, ఊపిరితో సహా వినబడింది.

"మల్లచ్చే ఏటిదాక మమ్ముల మరువకురా."

ఆఖరి మాట అది. ఇల్మా తల బల్లకు తగులుతున్నా చూసుకోకుండా బయటికొచ్చింది.

"అమ్మీ... గా పాటనేనా పాడింది?"

"ఔ. నీకు రాని చరణాలు సుత పాడిన. మంచిగెక్కిందా?" మాబూబీ గొంతు పీలగా ఉంది గాని ముఖం వెలిగిపోతోంది.

ఎక్కిందమ్మీ అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ తల్లి నిమ్మళంగా ఆపరేషన్‌కు పోయేది. ఇల్మాకు ఆ పాటి తెలివి కూడా ఆ క్షణాన రాలేదు. బటన్ నొక్కలేదని చెప్పి, నేల మీద కూలబడి ఏడ్చింది.

మాబూబీ మైకును మళ్లీ ముఖానికెదురుగా జరుపుకుంది. "సరే, లే. నొక్కు. పాపం నాకే తగలనీ," అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇల్మా ముందు బటన్ నొక్కి, తర్వాత కళ్లు తుడుచుకుంది. మాబూబీ ఊపిరి తీసుకుని నోరు తెరిచింది. గాలి వచ్చింది, రాగం రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాబూబీ ఇంటికొచ్చింది. ఏదైనా కావాలంటే మంచంపట్టె మీద తడుతుంది. మళ్లీ అడగొద్దన్న మాట తప్పినందుకు కూతుర్ని ఏమీ అనలేదు. అనాలనుకున్నా ఇక అనలేదు.

ఒక మధ్యాహ్నం ఇల్మా ఆ రికార్డు తెరిచి వింది. హమ్ అన్నదే లేదు. పాడటానికి అమ్మ ఊపిరి తీసుకోవడం వినబడింది, తర్వాత దగ్గు. ఆ వెంటనే, ఎన్నడూ ఎక్కనంత స్పష్టంగా, ఇల్మా గొంతు.

"ఇంకోసారమ్మీ. ఒక్కసారి."