సముద్రస్నానానికి వెళ్ళిన గేదె

ఉప్పళం పేటలో ఆ సందు మొగలో ఇనప మూత ఎత్తి, పొడుగాటి కడ్డీని గుంటలోకి దించి, ధనపాల్ దాని అడ్డపిడిని రెండు చేతులా పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. వాల్వు కిర్రుమంది, అతను మూలిగాడు. ఆ రెండు చప్పుళ్ళలో ఏది ఎవరిదో పోల్చుకోవడం వీధివాళ్ళు ఏనాడో మానేశారు. కాసేపటికి గుంట అడుగున నీళ్ళు కదిలిన సడి వినిపించింది, సందంతా బిందెల మోత లేచింది. నీళ్ళు వచ్చిన రోజున అతణ్ణి తలుచుకునేవాళ్ళు లేరు. రాని రోజున మాత్రం అతని పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకునేవాళ్ళు.

యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి ఆ కడ్డీ మోసి కుడి భుజం కిందికి జారింది, ఏ చొక్కా తొడిగినా ఒక పక్కకే వేలాడుతుంది. గోళ్ళ చుట్టూ పట్టిన తుప్పు రంగు ఏ సబ్బుకూ లొంగదు. ఆలస్యంగా పెళ్ళయి, మరింత ఆలస్యంగా కూతురు పుట్టడంతో బడి దగ్గర అందరూ 'తాతగారొచ్చారు' అంటారు. మొదట్లో సరిదిద్దేవాడు. తాతలకైతే కుర్చీ వేస్తారని తెలిశాక ఊరుకున్నాడు.

పక్కింటి తిలకవతి బిందె కింద పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుంది.

"ధనపాలన్నా, ఈ పొద్దు బడిలో చదివేది నువ్వేనంట గదా. మా మనవరాలు చెప్తా ఉంది."

"నేనే."

"తెలుగు బుక్కంట?"

"మన బాసే గదా."

"అది సరే. కొత్త మిస్సు యానాం అమ్మి. వాళ్ళకంతా తెలుగు చదవను వచ్చు, తెలుసునా?"

కడ్డీ సగం తిరిగి ఆగిపోయింది. సందు చివరి ఇంట్లోంచి ఎవరో నీళ్ళు సన్నగా వస్తున్నాయని కేకేశారు. ధనపాల్‌కు అది వినిపించలేదు. యానాం అనే మాట ఒక్కటే చెవిలో తిరుగుతోంది.

ఆ చిన్న బడిలో నెలకొక శనివారం అమ్మో నాన్నో వచ్చి, ఇంట్లో తమ బిడ్డకు ప్రాణమైన బొమ్మల పుస్తకాన్ని క్లాసుకంతటికీ చదివి వినిపించాలి. పోయిన నెల ఇంకో పిల్లాడి నాన్న మణిమారన్ వచ్చి, రైలు పుస్తకాన్ని కూత సహా చదివి పిల్లల్ని నవ్వించాడు. ఈ నెల మా నాయన చదువుతాడని ధనపాల్ కూతురు కయల్విళి తనంతట తనే చెయ్యెత్తి చెప్పి వచ్చింది. అయిదేళ్ళ పిల్ల. మా నాయన ఎంత లావు పుస్తకమైనా చదివేస్తాడని ఆమె గట్టి నమ్మకం. ఇంట్లో ఉన్నది ఒకటే పుస్తకం, అదీ సన్నది. ఆ సన్న పుస్తకంలో కూడా ధనపాల్‌కు ఒక్క అక్షరం రాదు. అది తెలుగులో ఉంది. అతను తెలుగులోనే పుట్టి, తెలుగులోనే కోప్పడి, తెలుగులోనే పెళ్ళాం చేత చీవాట్లు తింటాడు గానీ, ఇక్కడి బడుల్లో తమిళమే కాబట్టి చదివిన నాలుగు ముక్కలూ తమిళంలో చదివాడు.

నాయుడుపేటలో చుట్టాల పెళ్ళికి పోయినప్పుడు, ఒక ఇంటి వసారాలో కట్టలు కట్టలుగా పడి ఉంటే చూశాడా పుస్తకాన్ని. పేజీకొక బొమ్మ, ప్రతి బొమ్మలోనూ గేదె. ఒకటి తీసుకోవచ్చా అని అడిగితే, ఆ ఇంటాయన "ఎన్ని కావాలంటే అన్ని తీసుకుపోండి, గోడౌను నిండా ఉన్నాయి" అన్నాడు. ఇంత మంచి పుస్తకాన్ని ఎవరూ కొనడం లేదే అని ధనపాల్ ఆ రోజంతా బాధపడ్డాడు.

అప్పటినుంచి రెండేళ్ళుగా రోజూ సాయంత్రం అక్షరాల కింద వేలు నడిపిస్తూ 'చదువుతున్నాడు'. గేదె పేరు శెవ్వంది. దాని నుదుటి మీద తెల్ల మచ్చ. రెండో పేజీలో దాని నోటివెంట ఏదో కారుతూ ఉంటుంది. కుళాయి ఆగిపోతుందని ముందే తెలిసి, శెవ్వంది నోట్లో నీళ్ళు పట్టి పెట్టుకుంది. మూడో పేజీలో ఒకాయన ఎర్రటి నీళ్ళతో దాని కాళ్ళు కడుగుతుంటాడు. పెళ్ళికి పోవాలని గోరింటాకు పెట్టించుకుంటోంది. తర్వాతి పేజీలో తెల్లచొక్కా మనిషి చేతిలో సూదిగొట్టం. ఆయన జూనియర్ ఇంజనీరు, నీళ్ళు ఏ మాత్రం తోసుకొస్తున్నాయో చూడటానికి వచ్చాడు. ఆ తర్వాత ఒట్టి గుంజ, దానికి తాడు, గేదె లేదు. శెవ్వంది సముద్రస్నానానికి పోయింది. చివరి పేజీలో మళ్ళీ గేదె, పక్కనే నవ్వుతున్న మనిషి. నుదుటి మీద మచ్చ మాత్రం లేదు. మచ్చ ఏమైందని కయల్విళి మొదటి రోజే పట్టుకుంది. సముద్రంలో కడిగితే పోయిందని ధనపాల్ తడుముకోకుండా చెప్పాడు.

ఈ శెవ్వందిని ఇవాళ ఆ యానాం టీచరమ్మ పట్టేస్తుంది. ఆమె నవ్వినా, ఇంజనీరు తిట్టినా అతనికి లెక్కలేదు. కూతురు తన మొహంలోకి చూసి 'నీకు చదవను రాదా నాయనా' అంటే మాత్రం ఏ వాల్వు గుంటలో దూకాలో అతనికి తెలియలేదు.

ఎక్కడైనా పైపు పగిలితే బాగుండునని ఆశపడ్డాడు. సర్వీసులో మొదటిసారి పైపు పగలాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. మామూలు రోజుల్లో అన్నం కలుపుకునేసరికి ఫోను వస్తుంది. ఆ రోజు ఊరు మొత్తం మీద ఒక్క చుక్క కూడా కారలేదు. ఫోను పాడైందేమోనని పెళ్ళాం చిన్నపొన్ను చేత ఒకసారి చేయించి చూసుకున్నాడు. బ్రహ్మాండంగా మోగింది.

"రాదని చెప్పేస్తే ఏమి పోతాది?" అంది చిన్నపొన్ను, పెరుగు వడ్డిస్తూ. "నాకూ రాదు. నేనేమన్నా చచ్చిపోయినానా?"

"నువ్వు చదువుతానని చెప్పలేదు గదా పాపకు."

"చెప్పమని నిన్నెవరు అడిగిరి?"

ధనపాల్ పెరుగన్నం తిన్నాడు. కయల్విళి అప్పటికే పాత క్యాలెండరు కాగితంతో పుస్తకానికి అట్ట వేయించుకుని, దాన్ని గుండెలకు హత్తుకుని గడపలో నిలబడి ఉంది.

బడిలో పిల్లలు చాప మీద కూర్చున్నారు. యానాం నుంచి వచ్చిన ప్రీతి టీచరు వెనక గోడకు ఆనుకుని నిలబడింది. పాతికేళ్ళుంటాయేమో, నూనె రాసి బిగించిన జడ, చేతిలో సుద్దముక్క. 'తాతగారికి కుర్చీ వేయండి' అని ఆయాకు చెప్పింది. ధనపాల్ కుర్చీలో కూర్చుని, టీచరుకు లోపలి అక్షరాలు కనిపించకుండా పుస్తకాన్ని గడ్డం దాకా ఎత్తి పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే పిల్లలకు బొమ్మలు కనబడవు. వాళ్ళు గోల పెట్టారు. చేసేది లేక వాళ్ళవైపు తిప్పి, మొదలుపెట్టాడు.

మొదలుపెట్టాక మాత్రం భయం మరిచిపోయాడు. సగం మంది పిల్లలకు ఇంట్లో తెలుగే. మిగతావాళ్ళకు ప్రతి పేజీనీ తమిళంలో మళ్ళీ చెప్పాడు. శెవ్వంది నోట్లో నీళ్ళు పట్టినప్పుడు అందరూ బుగ్గలు ఉబ్బించారు. ఇంజనీరు వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు, అలా నిలబడాలని కయల్విళి చెప్పింది. వెనక ప్రీతి టీచరు కూడా నవ్వుతోంది. చివరి పేజీ అయ్యేసరికి ధనపాల్ వీపు మీద చొక్కా చెమటతో అంటుకుపోయింది, కానీ గండం గడిచింది. పుస్తకం మూసి లేవబోయాడు.

"మిస్, మీకూ తెలుగు వచ్చు గదా. మీరూ ఒకసారి చదవండి" అంది కయల్విళి.

"అలాగే. తాతగారంత బాగా రాదు నాకు" అంటూ ప్రీతి పుస్తకం అందుకుని, మొదటి పేజీ తెరిచి, ఉన్నది ఉన్నట్టు చదివేసింది. "'గాలికుంటు వ్యాధి. లక్షణములు, నివారణ.'"

గొంతు అక్కడే తగ్గింది. ఒకసారి ధనపాల్‌ను చూసింది. అతను తన కాళ్ళ వేళ్ళను చూసుకుంటున్నాడు. పిల్లలు ఎదురుచూస్తున్నారు, పేజీ తిప్పక తప్పలేదు.

"'వ్యాధి సోకిన పశువు నోటి నుండి చొంగ కారును.' ఆ తర్వాత... 'గిట్టల మధ్య పుండ్లను మందు కలిపిన నీటితో కడగవలెను.'"

కయల్విళి మొహం ముడుచుకుపోయింది. తండ్రివైపు వంగి, గుసగుసగా అన్నా క్లాసంతటికీ వినిపించేట్టు అంది.

"నాయనా, మిస్సుకు సరిగా చదవను రాదు. పాపం."

ఎవరూ నవ్వలేదు. ధనపాల్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయితే ఆ ప్రాణం వెంట సిగ్గు కూడా వచ్చింది. చదువుకున్న పిల్ల, తన మూలాన చదువురానిదైపోయింది. ప్రీతి మాత్రం ఒట్టి గుంజ ఉన్న పేజీ తెరిచింది.

"'సకాలములో చికిత్స చేయించని యెడల పశువు...'"

ఆగింది. కళ్ళు వాక్యం చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. తలెత్తి కయల్విళిని చూసింది. తర్వాత గొంతు సవరించుకుని, సర్కారు భాష ఎక్కడా చెడకుండా పూర్తి చేసింది.

"'...పశువు సముద్రస్నానమునకు వెళ్ళును.'"

"ఇది మాత్రం కరెక్టు" అంది కయల్విళి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రీతి పుస్తకం మూసేసింది.

గడప దాటుతుంటే ధనపాల్ ఏదో చెప్పాలని ఆగాడు. "మిస్, నేను..." అన్నాడు. "చాలా బాగుందండీ కథ" అంది ప్రీతి. "వచ్చే నెల కూడా మీరే రావాలి." అతను తల ఊపి, సాయంత్రం నీళ్ళు వదలడానికి, బయట ఆనించి ఉంచిన కడ్డీని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చుంటే, కయల్విళి ఖాళీ అట్ట తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"బుక్కు యాడ పాపా?"

"మిస్సుకిచ్చినా. ఇంటికాడ చదివి నేర్చుకుంటదంట. అట్ట మనదిగదా, తీసుకొచ్చేస్తి." వచ్చి అతని చంకలో ఒదిగి కూర్చుంది. "నువ్వు చదువు. నీకు చూడకుండానే వచ్చుగదా."

ధనపాల్ అట్టను పుస్తకంలా తెరిచి పట్టుకున్నాడు. నీళ్ళు పట్టడం అయింది, గోరింటాకు అయింది, ఇంజనీరు వచ్చి పోయాడు. గుంజ దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు ఆగిపోయింది.

టీచరు ఆగిన చోటే ఆగింది. ఆ ఆగడాన్ని అతను ఇంతకు ముందే ఒకసారి విన్నాడు. చిన్నప్పుడు, సొంతూరు కిరుమాంబాక్కంలో, ఇంటి వెనక, అమ్మ ఒట్టి గుంజ ముందు నిలబడి తాడు చుడుతోంది. శెవ్వంది యాడమ్మా అని అడిగాడు. 'శెవ్వంది...' అని అమ్మ ఆగింది. ఆగి, సముద్రానికి పోయింది నాయనా, నీళ్ళు పోసుకోను, అంది. అతను ఆ తాడు లాక్కుని ఒడ్డుదాకా పరిగెత్తి, పడవల మధ్య పేరు పెట్టి పిలుస్తూ తిరిగాడు. కొన్నాళ్ళకు అమ్మ మచ్చ లేని గేదెను తోలుకొచ్చింది. ఇదే శెవ్వంది, ఉప్పు నీళ్ళకు మచ్చ పోయింది, అంది. అతను దాని మెడ పట్టుకుని ఊగాడు. అంతే, ఆ సంగతి మళ్ళీ ఏనాడూ తరచి చూడలేదు. పెరిగాడు, కడ్డీ పట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, అమ్మను మట్టిలో పెట్టి వచ్చాడు. ఇన్నేళ్ళూ ఆ గేదె సముద్రానికి పోయి వచ్చిన గేదే. ఇవాళ మధ్యాహ్నం, ఆ టీచరు పిల్ల గొంతు సవరించుకున్నాక, అది చచ్చిపోయింది. దానికోసం, తాడు చుడుతూ ఒక్కతే నిలబడ్డ అమ్మకోసం, యాభై దాటిన ధనపాల్‌కు ఏడుపొచ్చింది.

"పేజీ తిప్పలా నాయనా" అంది కయల్విళి, నిద్ర గొంతుతో. "సముద్రానికి పోయింది. ఆ తర్వాత?"

"పోయింది పాపా. సాయంత్రానికి వచ్చేసింది."

"మచ్చ?"

"ఉప్పు నీళ్ళకు పోయింది."

"మిస్సు కూడా నేర్చుకుంటది" అని ఆమె పక్కకు తిరిగి పడుకుంది.

ధనపాల్ లేచి, తెల్లారి మోయాల్సిన కడ్డీని తలుపు వారగా ఆనించి, దీపం ఆర్పడానికి వెనక్కి తిరిగాడు. చాప మీద క్యాలెండరు అట్ట, లోపల పుస్తకం ఉన్నట్టే, మడతలు చెడకుండా నిలబడి ఉంది.