పని వేళల్లో ఎవరూ చావకూడదు

ఆ కుట్టుపని గది గోడమీద మూడు నిబంధనలు రాసి ఉంటాయి. నూనె డబ్బా గుడ్డమీద పెట్టరాదు. సూది విరిగితే రెండు ముక్కలూ చూపించాలి. పని వేళల్లో ఎవరూ చావకూడదు. మొదటి రెండూ ఏ కుట్టుపని గదిలోనైనా ఉండేవే. మూడోది మాత్రం ఓనరుగారు ఒళ్లు మండి స్వహస్తాలతో రాసింది. అది మనుషుల గురించి కాదు, నవల గురించి.

అక్కడ ఆసుపత్రులకు తెల్లకోట్లు కుడతారు. పొద్దస్తమానం అదే తెలుపు, అదే కోటు. మనిషికి పిచ్చెక్కకుండా ఉండాలంటే చెవులకైనా వేరే పని కావాలి గనక, ఒకరు పుస్తకం చదువుతుంటే మిగతావాళ్లు వింటూ కుట్టే పద్ధతి ఏనాడో మొదలైంది. చదివేవాడి వాటా కోట్లు మిగతా నలుగురూ పంచుకుని కుట్టేస్తారు. ఎనిమిదేళ్లుగా ఆ చదివే పని మేనల్లుడిది. కటింగ్ బల్ల దగ్గర నిలబడే మాస్టరమ్మ అతనికి మేనత్త, అందుకని గదిలో అందరికీ అతను మేనల్లుడే. ముప్పై దాటినా ఆ పేరు పోలేదు.

చదివేది 'తొమ్మిది తాళాల కోట'. ఏడు సంపుటాలు. రాణులు, రెక్కల పాములు, మంత్రగాళ్లు, ఇటుకల్లాంటి పుస్తకాలు. ఆ రచయితకు ఒక దురలవాటు ఉంది. పాఠకుడు ఎవరిమీద మనసు పడితే వాళ్లను చంపేస్తాడు. రెండో సంపుటంలో బుల్లి యువరాజు విషం తాగి పోయిన రోజున మాస్టరమ్మ కళ్లు తుడుచుకుంటూనే నలభై కోట్లకు చేతులు కత్తిరించింది. ఎనభై చేతులూ ఎడమవే. రెండు చేతులూ ఎడమవే ఉన్న డాక్టర్లు తమ దగ్గర లేరని ఆసుపత్రివాళ్లు కట్టలన్నీ తిప్పి పంపారు. ఆ మర్నాడే గోడమీదికి మూడో నిబంధన ఎక్కింది.

ఓనరుగారు గోడమీద రాయగలరు గానీ రచయిత చెయ్యి పట్టుకోలేరు కదా. నాలుగో సంపుటంలో తాళాలాయన పోయాడు. కోట తాళాలన్నీ కాపాడే కుంటి ముసలాయన. గుత్తి చేతిలోనే పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం. మొదటి సంపుటంలోనే మాస్టరమ్మ పడీ పడీ నవ్వి, అచ్చం మీ మామయ్యే అంది. మామయ్య పోయి అప్పటికి ఏడాది. మామయ్య చావు కబురు ఆవిడకు వెంటనే చెప్పకుండా సాయంత్రం దాకా దాచారు. దాచినవాళ్లలో మేనల్లుడూ ఉన్నాడు. ఆ తర్వాత ఆవిడ అతని చేయి తన చేతిలో వేయించుకుని ఒకే ఒక్క ఒట్టు పెట్టించుకుంది. ఇకమీదట ఎవరు పోయినా, నీకు తెలిసిన క్షణాన నాకు తెలియాలి.

నవలలో చావులు ఆ ఒట్టు కిందికి రావని మేనల్లుడు తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. వస్తాయని లోపల తెలుసు. కానీ ఆ పేజీ దగ్గరికి వచ్చి తలెత్తి చూస్తే, అత్త కత్తెర ఇరవై పొరల గుడ్డమీద ఉంది, మొహంలో నవ్వుంది. అతని నోరు దానంతటదే తాళాలాయనకు ప్రాణం పోసేసింది. బాణం తగల్లేదు, తాళాలగుత్తికి తగిలి పక్కకు పోయింది అని చదివాడు. గది గదంతా ఊపిరి పీల్చుకుంది. కోట్లకు చేతులు కుడీ ఎడమా సరిగ్గా వచ్చాయి.

ఒక అబద్ధం కప్పడానికి వంద అబద్ధాలు కావాలంటారు. మేనల్లుడికి వంద చాల్లేదు. బతికించినవాడు ఊరికే కూర్చోడు కదా, ఏదో ఒకటి చెయ్యాలి. తాళాలాయన చేత కొండకింద కుట్టుపని దుకాణం పెట్టించాడు. నీళ్లలో మునిగి చచ్చిన మంత్రగాడు పిల్లలకు ఈత నేర్పడం మొదలుపెట్టాడు. తల తెగిన సేనాధిపతికి మెడనొప్పితో సరిపెట్టాడు. ఇవన్నీ పొద్దున్నే వచ్చి, కొలతలు గీసే కాగితాల వెనక రాసుకుని, పుస్తకంలో దాచుకుని చదివేవాడు. ఆరో సంపుటం అయ్యేసరికి చచ్చి బతికినవాళ్లు పద్నాలుగు మంది తేలారు. మహాయుద్ధంలో నలభై వేలమంది పోవాలి. ఒక్కడూ పోలేదు. ఇన్ని వేలమందికి యూనిఫారాలు ఎవరు కుడతారని కాజాలు కుట్టే ఆవిడ నిలదీస్తే, తాళాలాయన దుకాణంలో ఇంకో ఆరు మిషన్లు వేయించాల్సి వచ్చింది.

ఏడోది, ఆఖరి సంపుటం వచ్చిన వారానికి కాజాలావిడ ఒక కరపత్రం పట్టుకొచ్చింది. లైబ్రరీ మేడమీద ఆదివారం నాలుగింటికి అభిమానుల సభ, ముగింపుపై చర్చ. మాస్టరమ్మ కరపత్రాన్ని రెండుసార్లు చదివింది. అందులో అందరి బొమ్మలూ ఉన్నాయి, తాళాలాయన బొమ్మ ఒక్కటీ లేదు, ఎందుకో వెళ్లి అడుగుదామంది. మేనల్లుడు మేడమెట్లు విరిగాయన్నాడు, ఆ జనం మంచివాళ్లు కాదన్నాడు, వానొస్తుందన్నాడు. ఎండ మండిపోతుండగా అందరూ బయల్దేరారు. ఈ సాయంత్రంతో అత్త దగ్గర తన మాటకున్న విలువ సరి అనుకుంటూ వెనకాలే నడిచాడు.

సభ సంగతి చెప్పాలి. కుర్చీలు సంపుటాల వారీగా వేశారు. మూడో సంపుటం దాకా చదివినవాళ్లు మూడో వరుస, అలా. ఒక సంపుటం గురించి మాట్లాడేముందు కార్యదర్శి ఈల వేస్తాడు, అంతకు వెనకబడినవాళ్లు చెవులు మూసుకోవాలి. మూసుకున్నారో లేదో చూడటానికి ఒకాయన వరుసల మధ్య తిరుగుతున్నాడు. మొదటి వరుసలో ఉన్న ఒకే ఒక్క పెద్దాయన వచ్చిన దగ్గర్నుంచీ చెవులు మూసుకునే ఉన్నాడు. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. రాణికి రచయిత చేసింది న్యాయమే అన్నది ఆయన వాదన, ఆ వాదన ఆయన క్లినిక్‌లో ఇంతవరకూ ఎవరూ ఖండించలేదు, ఎందుకంటే అక్కడ వినేవాళ్లందరి నోళ్లలోనూ ఆయన చేతులే ఉంటాయి. ఆ ముగింపు చెల్లదు, మళ్లీ రాయించాలి అని అవతలి పక్షం సంతకాలు సేకరిస్తోంది. ఏడో వరుసకు మాత్రమే వినపడేలా గుసగుసలాడుకుంటూ కొట్టుకునేదాకా వచ్చారు.

కుట్టుపని గదివాళ్లంతా ఆరో వరుసలో కూర్చున్నారు. ఆరో సంపుటం చర్చకు రాగానే మాస్టరమ్మ లేచి నిలబడింది. ఇంతసేపు మాట్లాడారు గానీ తాళాలాయన పేరు ఒక్కరూ ఎత్తలేదేమని మర్యాదగానే అడిగింది.

పళ్ల డాక్టరు జాలిగా చూశాడు. "ఆయన నాలుగో సంపుటంలోనే పోయాడు కదమ్మా. బాణం తగిలి."

"మరి యుద్ధానికి నలభై వేల యూనిఫారాలు కుట్టిందెవరు?" అని కాజాలావిడ లేచింది.

హాలంతా ఆరో వరుసవైపు తిరిగింది. తర్వాత వెనకనుంచి ఒక కుర్రాడు భయం భయంగా, "మీది ఏ ముద్రణండీ?" అని అడిగాడు. అంతే, కట్టలు తెగాయి. తాళాలాయన బతికున్న ముద్రణ ఒకటి బయట ఉందట అనే మాట మూడో వరుస దాకా పాకింది. దుకాణం ఎక్కడ పెట్టాడు, పెళ్లేమైనా చేసుకున్నాడా అని కాజాలావిడ చుట్టూ మూగారు. సేనాధిపతి మెడనొప్పి గురించి విని ఒకమ్మాయి ఆనందం పట్టలేక ఏడ్చేసింది. కార్యదర్శి ఈల వేసీ వేసీ ఆయాసపడి కూలబడ్డాడు. సంతకాల పక్షం పాత కాగితం చించేసి, తమకూ ఈ ముద్రణే కావాలని కొత్త కాగితం మొదలుపెట్టింది. ఈ గోల ఏదీ మాస్టరమ్మ చెవికెక్కలేదు. ఆవిడ మేనల్లుడి వైపు ఒక్కసారి చూసింది. అతను కుడితిలో పడ్డ ఎలుకలా కుర్చీలో ముడుచుకున్నాడు. ఆవిడ సంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఆవిడ బల్లమీద గుడ్డ పరచలేదు. స్టూలు మేనల్లుడికి ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"మీ మామయ్య పోయింది పదకొండింటికి. నాకు చెప్పింది ఆరింటికి. ఆ ఏడు గంటలూ నేను నవ్వుతూనే ఉన్నానురా. మధ్యాహ్నం ఆయన గురక గురించి జోకేశాను. నువ్వూ నవ్వావు."

"నవ్వాను అత్తా," అన్నాడు.

"తాళాలాయన్ని బాగానే చూసుకున్నావు, కాదనను. కానీ పోయినవాళ్లని చూపించి నన్ను మళ్లీ నవ్వించావు. నాలుగో పుస్తకం తియ్యి. ఉన్నది ఉన్నట్టు చదువు."

అతను తీశాడు. ఆ చావు మూడంటే మూడే వాక్యాలు. ఇంతేనా అన్నట్టు మిషన్లమీద ఉన్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. మాస్టరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, మూడు వాక్యాలకు సరిపడా కాదు, ఎనిమిదేళ్లకు సరిపడా ఏడ్చింది. మేనల్లుడు కూడా ఏడ్చాడు. తర్వాత ఆవిడ మిగతావాళ్ల చావులూ చదవమంది. మంత్రగాడు మునిగాడు. సేనాధిపతి తల తెగింది. ఏడుపులు విని ఓనరుగారు పరిగెత్తుకొచ్చి గోడవైపు వేలు చూపించారు. నేను కత్తెర కింద పెట్టేశాను, కాబట్టి ఇది పని వేళ కాదు అంది మాస్టరమ్మ. అందులో తప్పేముందో ఆయనకు అంతుచిక్కలేదు. మధ్యాహ్నానికి పద్నాలుగు మందీ, వాళ్లతోపాటు నలభై వేలమందీ పోయారు. ఆ పూట ఒక్క కోటూ తయారవలేదు.

మాస్టరమ్మ వెళ్లి మొహం కడుక్కొచ్చింది. గుడ్డ పరిచి, కత్తెర చేతిలోకి తీసుకుని, ఏడోది ఎక్కడ ఆపామో అక్కణ్నుంచి కానివ్వమంది. ఆపింది ఇరవయ్యో పేజీలో. మేనల్లుడు ఆ పుస్తకం మొత్తం ఇంటిదగ్గర ముందే చదివేశాడు. పేజీ తెరిచి, నోరు తెరిచి, మళ్లీ మూశాడు. అత్త చాక్‌పీసుతో భుజం గీత గీస్తోంది.

"అత్తా, రాణి కూడా పోతుంది. చివరి పేజీకి ముందు పేజీలో."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. కాజాలావిడ చెవులు మూసుకుంది, కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. అడ్డగోడ అవతలనుంచి ఓనరుగారు నెత్తిన చేతులు పెట్టుకుని ఊడిపడ్డారు. ఎనిమిదేళ్లుగా ఆయన ఆ గోడ వెనక కుర్చీ వేసుకుని వింటున్నారన్న సంగతి అప్పుడే అందరికీ తెలిసింది. ఇంకా మూడు వారాల కథ ఉండగా ముగింపు చెప్పేస్తాడా, వీడు మనిషేనా అని ఆయన లబలబలాడారు.

మాస్టరమ్మ గీత పూర్తిచేసింది. "ఎలా పోతుంది?"

"కొండమీంచి పడి. వెంటనే పోదు. బాధపడే పోతుంది."

అతను ఆ పేజీ తీసి, చూసుకోమని పుస్తకాన్ని బల్లమీదుగా ఆవిడ ముందుకు జరిపాడు. ఆవిడ పుస్తకంవైపు చూడలేదు. అతని మొహంలోకి చూసి, పుస్తకాన్ని వెనక్కి నెట్టింది.

"అక్కర్లేదు. చదువు."