తలుపు పక్క సీటు

తెల్లవారింది గానీ వెలుగు రాలేదు. పుంగనూరు మీద మబ్బు తడిసిన గోనెపట్టాలా కిందికి దిగి ఉంది. తూర్పున ఒక చోట చిన్న చీలిక పడి, కాస్త పసుపు వెలుగు కనిపించి, అంతలోనే మూసుకుపోయింది. తుంపర పడుతోంది, నిలుస్తోంది, మళ్ళీ పడుతోంది. కృష్ణమ్మ వాకిట్లో నిలబడి పైకి చూసి, ఈ రోజు ప్రయాణం వద్దని చెప్దామనుకుంది. చెప్పలేదు. కూతురు అమరావతిని, ఐదో నెల బిడ్డను కుప్పంలో అత్తగారింటికి పంపడానికి అయ్యవారు చెప్పిన మంచిరోజు అదే.

ఆమె భయం వాన గురించి కాదు. మొగుడు గోవిందప్ప గురించి.

గోవిందప్ప లారీలోంచి దూకిన కథ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. చాలా ఏళ్ళ కింద చౌడేపల్లె నుంచి చెనక్కాయ మూటల లారీలో వస్తుంటే పల్లంలో బ్రేకులు పోయాయి. అతను దూకాడు. మోకాలి చిప్ప పగిలింది, ప్రాణం నిలిచింది. పెళ్ళిళ్ళలో, సంతలో, టీ అంగట్లో ఆ కథ చెబుతూనే ఉంటాడు. కథలో రానిది ఒక్కటే. అతని పక్కన కృష్ణమ్మ కూడా కూర్చుని ఉంది. ఆమె ఇనప కమ్మీని పట్టుకుని కళ్ళు మూసుకుంది. లారీ మట్టిగట్టుకు తగులుకుని నిలబడిపోయింది. ఆమె మోచేయి గీసుకుపోయిందంతే. మొగుడి పరువని ఆమె ఎవరితోనూ అనలేదు, కూతురితో కూడా.

అప్పటి నుంచి అతను ఏ బండెక్కినా తలుపు పక్కనే కూర్చుంటాడు. చెయ్యి పిడి మీద ఉంటుంది. బండి కాస్త పక్కకు ఊగితే ఆ చెయ్యి అతన్ని అడగకుండానే కదులుతుంది.

మదనపల్లె నుంచి డ్రైవరు బాబ్జాన్ కారు తెచ్చాడు. అక్కడి గుడ్డల అంగడి సేటు కొత్తగా కొన్న చిన్న కారు, సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. బిందె, ఊయల, అరిసెల డబ్బా, చీరల పెట్టె ఎక్కించేసరికి వెనక సీటు సగం నిండింది. మిగిలిన సందులో తల్లీకూతుళ్ళు ఇరుక్కున్నారు. గోవిందప్ప ముందర కూర్చుని, భుజం పక్కన వేలాడుతున్న నల్ల పట్టీని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఇదేంది అబ్బీ, ఎద్దుల మోకు మాదిరి?"

"బెల్టు మామా. కట్టుకుంటే బండి దేనికైనా గుద్దుకున్నా మనిషి ముందరికి పోడంట."

"నువ్వు కట్టుకోలేదే?"

"మా సేటు సూస్తాంటే కట్టుకుంటా. లేకుంటే సొక్కా నలిగిపోతాది," అని బాబ్జాన్ నవ్వాడు.

"మనిషిని కట్టేది పాడె మీదనే గదరా. బతికుండంగానే కట్టించుకుంటే యముడికి పని తక్కువ. ఇంగ బండి పల్లంలోకి పోతే దూకేది ఎట్ల?"

అమరావతి కూడా నవ్వింది. కృష్ణమ్మకు నవ్వు రాలేదు.

ఊరు దాటగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అమరావతికి కారు పడక కడుపులో తిప్పుతోంది. గోవిందప్ప వెనక్కి చేతులు చాచి బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎదురుగా పరిగెత్తే చెట్లను చూస్తూ బిడ్డ ఊరుకుంది. కుడిచేత్తో బిడ్డను పొదుముకున్నాడు. ఎడమచెయ్యి మాత్రం పిడి మీదికి పోయింది.

కృష్ణమ్మకు ఇక ఏదీ కనబడలేదు. బయట చెరుకు తోటలు పోతున్నాయి, బళ్ళు పోతున్నాయి. ఆమె చూపు ఆ ఎడమచేతి మీదే ఉంది. ఎద్దు అడ్డమొచ్చి బాబ్జాన్ కొంచెం బ్రేకు తొక్కినప్పుడు ఆ వేళ్ళు బిగిశాయి. ఆ చేతికి పెళ్ళాం తెలియలేదు. మనవరాలు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

"ఇదో, పాపను ఇట్లియ్యి."

"నా దగ్గర ఊరుకోనుండాది గదా, యాల?"

కృష్ణమ్మ బలవంతాన తీసుకుంది. బిడ్డ మళ్ళీ గొంతు చించుకుంది. "నాయన దగ్గర్నే ఉండనీమ్మా, నాకు తల తిరగతాండాది," అంది అమరావతి. బిడ్డ మళ్ళీ ముందరికి పోయింది.

పలమనేరులో బాబ్జాన్ టీకి ఆపాడు. కృష్ణమ్మ తుంపరలోనే దిగి, ముందు తలుపు తీసి, మొగుడి మీదుగా వంగి ఆ పట్టీని లాగింది.

"ఏమే, ఏం జేస్తాండావు?"

"కట్టుకో."

"జనం సూస్తాండారు. నగుతారు."

"నగనీ."

"నీకు తెలీదా? ఆ పొద్దు దూకబట్టే గదా నేను..."

"నేను దూకలా."

కృష్ణమ్మ పట్టీని వదల్లేదు.

"నేనూ ఉండాను ఆ లారీలో, నీ పక్కనే. లారీ యాడా పడలా, గట్టుకు తగులుకోని నిలబడింది. నన్ను పిలవను గూడా పిలవలా నువ్వు." ఆమె బిడ్డ దుప్పటి సర్దింది. "ఇప్పుడు నీ ఒళ్ళో బిడ్డ ఉండాది. నాకు భయంగా ఉండాదప్పా."

టీ గ్లాసులతో వచ్చిన బాబ్జాన్ అక్కడే నిలబడిపోయాడు. అమరావతి తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గోవిందప్ప బిడ్డ నడినెత్తినే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కృష్ణమ్మకు కొక్కెం ఎక్కడ తగిలించాలో తెలియక చేతులు తడబడుతుంటే, బాబ్జాన్ గ్లాసులు బానెట్టు మీద పెట్టి వచ్చి, "ఆ రేకును ఈ సందులో తొయ్యమ్మా," అని నెమ్మదిగా చూపించాడు. టక్కుమంది.

కారు మళ్ళీ బయల్దేరింది. వాన పెద్దదైంది. వి.కోట దాటి, అడవి గుట్టల మధ్య దారి కిందికి దిగుతూ తిరిగే చోట, మలుపు అవతల దారి నిండా గొర్రెల మంద ఉంది.

బాబ్జాన్ "యా అల్లా" అని బ్రేకు తొక్కాడు. కారు నిలబడలేదు. నీళ్ళ మీద పక్కకు జారుతూ ఎడమ అంచుకు పోసాగింది. అమరావతి కేక పెట్టింది. కృష్ణమ్మ ఆ చేతినే చూస్తోంది. పిడి తిరిగింది. తలుపు బార్లా తెరుచుకుంది, వాన లోపలికి కొట్టింది. గోవిందప్ప బిడ్డతో సహా బయటికి ఒరిగాడు. ముందు భుజం, తర్వాత తల బయటికి పోయాయి. అక్కడ పట్టీ బిగుసుకుని అతన్ని ఆపేసింది. అతను ఇంకా పెనుగులాడుతున్నాడు. కృష్ణమ్మ వెనక నుంచి రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని లోపలికి గుంజింది. అతని తల లోపలికి రావడం, తెరిచిన తలుపు దారి పక్క మైలురాయికి కొట్టుకోవడం ఒక్కసారే జరిగాయి. రేకు నలిగిన చప్పుడు గుట్టల్లో మారుమోగింది. అద్దం ముక్కలు బిడ్డ దుప్పటి మీద చిందాయి. కారు ఇంకో బారెడు పోయి బురదలో నిలబడింది.

గొర్రెలు అరుస్తున్నాయి. ఆ తర్వాత బిడ్డ ఏడుపు వినబడింది. ఆ ఏడుపు వినగానే కృష్ణమ్మకు ఊపిరి వచ్చింది.

తలుపు వెనక్కి విరిగి, మడతలు పడి వేలాడుతోంది. అతని తల అంతకుముందు ఉన్న చోటే ఆ మడత. గోవిందప్ప దాన్ని చూశాడు. తర్వాత తన ఎడమచేతిని ఎవరిదో చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

"నేను తీయలా," అన్నాడు. తలుపు వైపు మళ్ళీ చూసి, "నేనే తీసినట్టుండాను," అన్నాడు.

అమరావతి దిగి వచ్చి, దుప్పటి దులిపి, బిడ్డను అతని ఒళ్ళోంచి తీసుకుంది. తీసుకునేటప్పుడు తండ్రి ముఖం చూడలేదు. అతను పట్టీ విప్పుకోవాలని చూశాడు, వేళ్ళు మాట వినలేదు. కృష్ణమ్మే నొక్కి విప్పింది.

దారి పక్కన ఎవరో విడిచిపెట్టిన రేకుల చావడి ఉంది. బాబ్జాన్ తలుపును తాడుతో కట్టివచ్చి, సేటుకు ఏం చెప్పాలో తెలియక గోడకు చేరగిలబడ్డాడు. కృష్ణమ్మకు తోచిన పని ఒకటే. దారికని తెచ్చిన అన్నం మూట విప్పి నాలుగు ఆకులు పరిచింది. చిత్రాన్నం పెట్టింది, పక్కన మామిడికాయ ఊరగాయ వేసింది. బాబ్జాన్‌ను సైగతో పిలిచింది. అతనూ వచ్చి కూర్చున్నాడు.

గోవిందప్ప పిడికెడు కలిపి ఎత్తాడు. మెతుకులు ఒళ్ళో రాలాయి. మళ్ళీ కలిపాడు. అమరావతి ఒళ్ళో బిడ్డను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఇంకో చేత్తో తింటోంది. కృష్ణమ్మ కాస్త జరిగి మొగుడి పక్కన కూర్చుంది. అతని ఆకులో ఇంకొంచెం అన్నం వేసింది. అతను దాన్నీ కలుపుకున్నాడు. రేకుల మీద వాన కొడుతూనే ఉంది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.