గువ్వ పరీక్ష పాసైంది

మూడేళ్ళు దాటినా గువ్వకు మాటలు రాలేదు. ఏడుపు వచ్చేది, నవ్వు వచ్చేది, ముక్కుతో తీసే సన్నటి రాగం ఒకటి వచ్చేది. అమ్మమ్మకు అవి చాలు. రాగం పైకి లేస్తే దాహం. మోకాళ్ళు పట్టుకుని తల ఆనిస్తే నిద్ర. తలుపు వైపు చూసి ఊరుకుంటే వాళ్ళమ్మ గుర్తొచ్చినట్టు. పిల్ల రాగం పూర్తయ్యేలోగా గ్లాసు దాని పెదాల దగ్గర ఉండేది.

"దానికి మాటలతో పనేముంది, నేనుండగా?" అనేది అమ్మమ్మ.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు వాళ్ళది. కూతురు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఆవిరికి ఉబ్బిపోయిన చేతులతో, ఒక వారం సాయంత్రం, ఒక వారం తెల్లారి ఇంటికొస్తుంది. అల్లుడు దూరాలు తిరిగే లారీ మీద ఉంటాడు. ఇంటికి అతని మొహం కన్నా ఫోన్లో గొంతే ఎక్కువ పరిచయం. ఇక పగలంతా ఆ గదుల్లో మిగిలేది అమ్మమ్మా, గువ్వా, ఆపకుండా మోగే టీవీ.

కింది అంతస్తు కుట్టుమిషనావిడ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా పిల్ల బుగ్గ పుణికేది.

"గువ్వ అని పిలుచుకుంటారు గానీ ఒక్కనాడూ కువకువమనదేంటి పిన్నిగారూ? మూగనోము పట్టిందా?"

"మీ వాటా, దాని వాటా కూడా మీరే మాట్లాడేస్తుంటే దానికేం మిగుల్తుందమ్మా?" అనేది అమ్మమ్మ.

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కానీ పైకెక్కేటప్పుడు అమ్మమ్మ పిల్ల చేతిని కాస్త గట్టిగా పట్టుకునేది.

వీధి చివర పాత గ్రంథాలయం కింది హాల్లో చిన్నపిల్లల కేంద్రం ఉంది. పొద్దున పూట ఎవరైనా పిల్లల్ని తీసుకుని వెళ్ళొచ్చు. నేల మీద రంగు చాపలు, ఒక మూల మంచినీళ్ళ కుండీ, గోడ వారగా బొమ్మల బీరువా. బీరువాలోవి ఇంటికి పట్టుకెళ్ళి మళ్ళీ వారం తిరిగిచ్చేయాలి, లేదా ఇంకో వారానికి రాయించుకోవాలి. అక్కడి టీచర్‌ని అందరూ ఆటల టీచరంటారు. ఎప్పుడు చూసినా పిల్లలతో పాటు చాప మీదే ఉండే మనిషి.

ఒకరోజు గువ్వ కుండీ ముందు నిలబడి రాగం అందుకుంది. అమ్మమ్మ లేచింది. ఆటల టీచరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్క క్షణం ఆగండమ్మా. అర్థం కానట్టు కూర్చోండి."

"అర్థమైందిగా! దాహమేస్తోంది దానికి."

"మీకు అర్థమైపోతోంది, అదే గొడవ. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడకి అడక్కుండానే అమ్మమ్మ పెట్టేస్తోంది. ఇక అడగడం ఎందుకు నేర్చుకుంటుంది?"

చాపల మీద కూర్చున్న తల్లులు నవ్వారు. అమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే వెళ్ళి గ్లాసు నింపింది. పిల్ల దాహంతో ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆమె ఎక్కడా నేర్చుకోలేదు.

ఆ వారమే ఆటల టీచరు గువ్వ వాళ్ళమ్మకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. కూతురు అన్నం తింటూ, కళ్ళు మూతలు పడుతుండగా, దాన్ని రెండు ముక్కల్లో తల్లికి చెప్పింది.

"మాటలు నేర్పే డాక్టరమ్మ వస్తుందట. వారానికి రెండు రోజులు, నలుగురైదుగురు పిల్లలకే నేర్పుతుందట. ఒక్క సీటే ఉందమ్మా, చాలామంది అడుగుతున్నారు. ముందు పిల్లని పరీక్ష చేసి చూస్తారట. నాకు ఆ రోజు సెలవు దొరకదు, నువ్వే తీసుకెళ్ళు."

ఒక్క సీటు, చాలామంది, పరీక్ష. అమ్మమ్మకు ఇంకెవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఒక్క సీటుకి పదిమంది పోటీ పడితే ఎవరికిస్తారో లోకంలో అందరికీ తెలుసు.

దానికి తోడు గోడ అవతల నుంచి ఇంకో మాట వినపడింది. కూతురు ఫోన్లో భర్తతో అంటోంది: "రోజంతా మా అమ్మతో, ఆ టీవీతో పడి ఉంటే దానికి మాటలెక్కణ్ణుంచి వస్తాయి? ఏం చెయ్యను, వేరే దిక్కులేదు."

అమ్మమ్మ లేచి టీవీ కట్టేసింది. ఇల్లు ఒక్కసారిగా బావురుమంది.

మర్నాడు బొమ్మల బీరువాలోంచి ఎర్ర మూత పెట్టె ఒకటి తీసుకుంది. అందులో అట్టల మీద బొమ్మలు: బంతి, గొడుగు, పిల్లి, చెంచా, తాళం, ఇంకో ఐదు. ఇంట్లో కిటికీ పక్కన పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బిస్కెట్లు చిన్న ముక్కలుగా విరిచి ఒళ్ళో పోసుకుంది. అట్ట చూపించడం, పేరు చెప్పడం, ఎదురుచూడడం. గువ్వ ముక్కల వైపు చూసేది, రాగం తీసేది. అమ్మమ్మ గుండె రాయి చేసుకుని చెయ్యి మూసేసేది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం గువ్వ "బం" అంది. ఆ తర్వాత "బంతి" అంది.

అమ్మమ్మ పిల్లని గుండెకి అదుముకుని ఏడ్చింది. కూతురికి చెప్పలేదు. సీటు తెచ్చాక చెప్దామనుకుంది. 'మా అమ్మతో పడి ఉంటే' అన్న నోటితోనే 'ఎలా నేర్పావమ్మా' అనిపించుకోవాలని ఉంది ఆమెకు. పరీక్ష నాటికి గువ్వ పది బొమ్మల పేర్లూ, పైనుంచి కింద దాకా, తడుముకోకుండా చెప్పేస్తోంది.

కేంద్రంలో పక్క గదిలో చిన్న బల్ల, రెండు పొట్టి కుర్చీలు వేశారు. మాటల డాక్టరమ్మ వయసులో చిన్నదే. కళ్ళ కింద నలుపు, బయట వరండాలో ఇంకా చాలామంది తల్లులు. ఆమె ముందున్న పెట్టెకు కూడా ఎర్ర మూతే. అది చూడగానే అమ్మమ్మ ప్రాణం లేచొచ్చింది.

మొదటి అట్ట లేచింది. గువ్వ అమ్మమ్మ చేతి వైపు చూసింది. పిడికిట్లో బిస్కెట్టు ముక్క ఉంది.

"బంతి" అంది గువ్వ.

గొడుగు, పిల్లి కూడా అయ్యాయి. తర్వాత డాక్టరమ్మ తాళం ఎత్తి చూపింది. గువ్వ "చెంచా" అంది. డాక్టరమ్మ అట్ట వంక చూసి, వేలితో తడిమి, అంటుకుపోయిన ఇంకో అట్టను ఊడదీసింది. అది చెంచాదే.

"అరె, వెనకాలున్నది నాకన్నా ముందే చూసేశావా?" అని చెంచా బొమ్మ పైకెత్తింది.

"తాళం" అంది గువ్వ.

"అవునవును, తాళం కూడా!" అని నవ్వుతూ రెండూ పక్కన పెట్టేసింది డాక్టరమ్మ. మిగిలిన ఐదు అట్టలూ వరసలోనే వచ్చాయి. గువ్వ వరసలోనే చెప్పింది.

"ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుతుందా అమ్మా? తనకు కావలసింది నోరు తెరిచి అడుగుతుందా?"

అమ్మమ్మకు గోడ అవతలి మాట చెవిలో మోగింది.

"అమ్మో, వాగుడుకాయండీ! కొత్తవాళ్ళ దగ్గరే కాస్త సిగ్గు."

"అయితే మీరేం దిగులుపడక్కర్లేదు."

"పాసైనట్టేనా అండీ?"

డాక్టరమ్మ అలసటగా నవ్వి గువ్వ తల నిమిరింది. "పాసైనట్టే."

మెట్ల దగ్గర అమ్మమ్మ కుట్టుమిషనావిడ తలుపు తానే తట్టింది. "మూగనోమన్నారుగా, ఇవాళ నోటివెంట ముత్యాలు రాలాయి మా పిల్లకి. డాక్టరమ్మ ముక్కున వేలేసుకుంది!"

సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికే మొహం పాలిపోయి ఉంది. ఆటల టీచరు దారిలోనే ఫోన్ చేసిందట. సంచి దింపకుండానే అడిగింది.

"సీటు వేరే వాళ్ళకిచ్చేశారట. గువ్వకి అవసరం లేదని రాశారట. ఏం జరిగిందమ్మా అక్కడ?"

"అవసరం లేదా? పదికి పది చెప్పిందే! అంతకన్నా బాగా ఎవరు చెప్పారట?"

కూతురు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"అమ్మా, అది మాటలొచ్చిన పిల్లలకిచ్చే సీటు కాదు. రాని పిల్లలకిచ్చేది."

అమ్మమ్మకు ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక కూడా తలెత్తే ప్రయత్నమే చేసింది.

"పోనీ, సీటెందుకు ఇక? మన పిల్ల మాట్లాడుతోందిగా! చూడు నువ్వే" అని ఎర్ర మూత పెట్టె తెచ్చింది.

కూతురు తన బిడ్డ గొంతులో మాట వినడం అదే మొదటిసారి. ఒక్కో అట్టకీ ఒక్కో పేరు పలుకుతుంటే కళ్ళనీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి చూసింది. పదీ అయ్యాక పిల్ల రెండు బుగ్గలూ పట్టుకుంది.

"అమ్మ అనవే తల్లీ. ఒక్కసారి. అమ్మ."

గువ్వ పెట్టెలోకి చూసింది. పెట్టె ఖాళీ అయిపోయింది. తిరిగి అమ్మమ్మ పిడికిలి వైపు చూసింది.



తర్వాతి వారం గువ్వకు జ్వరమొచ్చింది. మధ్యాహ్నం దాకా మూలుగుతూ పడుకుని, ఉన్నట్టుండి కెవ్వున ఏడుపందుకుంది. ఆ ఏడుపు అమ్మమ్మకు తెలిసిన ఏడుపు కాదు. దాహమా, కాదు. ఆకలి, నిద్ర, అవీ కావు. పిల్లని భుజాన వేసుకుని రెండు గదులూ తిరిగింది. ఒంట్లో బాగాలేక పనికి వెళ్ళని కూతురు కంగారుగా లేచొచ్చింది.

"ఎక్కడమ్మా నొప్పి? చూపించు. పొట్టలోనా? ఇక్కడా? చెప్పు తల్లీ, చెప్పు!" అమ్మమ్మ బతిమాలింది.

గువ్వ వెక్కిళ్ళు ఆపుకుంది. మాట అడుగుతున్నారని దానికి అర్థమైంది. అమ్మమ్మ కళ్ళలోకి చూస్తూ, తడి చెంపలతో మొదలుపెట్టింది.

"బంతి. గొడుగు. పిల్లి. చెంచా. తాళం..."

పదీ చెప్పింది. చెప్పి ఆగింది. నొప్పి పోలేదు. మళ్ళీ మొదటి నుంచి, ఇంకాస్త గట్టిగా చెప్పింది.

కూతురు తల్లి వైపు చూడలేదు. పిల్లని లాక్కుని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మెట్లు దిగిపోయింది. చెవిలో చీము పట్టి పగిలిందని ఆసుపత్రిలో చెప్పారు. కొన్నాళ్ళుగా నొప్పి ఉండే ఉంటుంది, పిల్ల ఏమీ చెప్పలేదా అని అడిగారు.

జ్వరం తగ్గాక అమ్మమ్మ పిల్లనెత్తుకుని కేంద్రానికి వెళ్ళింది. ఎర్ర మూత పెట్టె బీరువాలో పెట్టేసి, ఆటల టీచరు ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. బిస్కెట్టు ముక్కల సంగతి, వాగుడుకాయన్న మాట, చివరికి చెవి సంగతి. ఆటల టీచరు మధ్యలో ఒక్కసారి కళ్ళు మూసుకుంది తప్ప కోప్పడలేదు.

"డాక్టరమ్మతో నేను మాట్లాడతాను. కానీ ఇప్పుడు చోటు లేదమ్మా. ఆ సీట్లో చేరిన పిల్లాణ్ణి పంపించెయ్యలేం, వాడి పరిస్థితీ అంతే. నాలుగేళ్ళు నిండితే ఇక తీసుకోరు. అంతలోపు ఎవరైనా మానేస్తే..." అని ఆగింది.

"ఎవరూ మానెయ్యరు" అంది అమ్మమ్మ.

"ఆశ వదులుకోవద్దు. ఈలోగా రోజూ ఇక్కడికి తీసుకురండి. నేను మొదట్లో చెప్పింది గుర్తుందా? అడిగేదాకా ఆగండి."

పక్క గది తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ పిలిచింది. నలుగురైదుగురు పిల్లలు లోపలికి వెళ్ళారు. సాయానికి ఆటల టీచరు కూడా వెళ్ళింది. తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల్నుంచి ఎవరిదో చిన్న గొంతు తప్పుతప్పుగా ఏదో పలకడం, అందరూ చప్పట్లు కొట్టడం వినిపించాయి.

గువ్వ నీళ్ళ కుండీ ముందు నిలబడింది. చెవిలో దూది ఇంకా ఉంది. రాగం సన్నగా మొదలై పైకి లేచింది.

అమ్మమ్మ లేవబోయి, కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

గువ్వ తిరిగి చూసింది. మళ్ళీ రాగం తీసింది, ఈసారి పొడుగ్గా. అమ్మమ్మ అర్థం కానట్టు చాప మీద రంగుల వైపు చూసింది. ఎంతసేపు ఆగాలో ఆమెకు తెలియదు. ఇది పిల్లకి మేలు చేసే ఆగడమో, ఇంకో తప్పో కూడా తెలియదు. అడుగుదామంటే చెప్పే మనిషి ఆ తలుపు లోపల ఉంది.

రాగం ఆగిపోయింది. గువ్వ కాసేపు కుండీనే చూస్తూ నిలబడింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, అమ్మమ్మ వైపు వీపు పెట్టి, ఎండిన పెదాలు నాక్కుంటూ కూర్చుంది.